వరంగల్‌లో సిటీ టెక్ బృందం కట్టాలంటే: నాలా దగ్గర మొదలుపెట్టి రెండో వానాకాలం దాకా

స్మార్ట్ సిటీస్ మిషన్ 2015 జూన్ 25న మొదలై 2025 మార్చి 31తో ముగిసింది. వంద నగరాల జాబితాలో తెలుగు రాష్ట్రాలవి ఆరు. ఆంధ్రప్రదేశ్ నుంచి విశాఖపట్నం, కాకినాడ, తిరుపతి, అమరావతి. తెలంగాణ నుంచి వరంగల్, కరీంనగర్. ఒక్కో నగరానికి కేంద్రం 500 కోట్ల దాకా ఇస్తానంది, అంతే మొత్తం రాష్ట్రమూ నగరపాలక సంస్థా కలిసి వేసుకోవాలంది. ఆ డబ్బుతో రోడ్లు పడ్డాయి, జంక్షన్ల రూపు మారింది, వంద నగరాల్లోనూ కమాండ్ కంట్రోల్ సెంటర్లు వచ్చాయి. ఆ సెంటర్ల తెరల మీద కనిపించేది చూసి ‘మా వాడలో సంగతి ఇట్లా ఉంది’ అని లెక్కలతో తిరిగి చెప్పగల జనం మాత్రం ఏ టెండరుతోనూ రారు. వాళ్ళను ఎవరో ఒకరు కూడగట్టాలి. అలా కూడగట్టిన గుంపునే ఇక్కడ సిటీ టెక్ బృందం అంటున్నాను. ఆ పని చేద్దామనుకునేవాళ్ళ కోసం ఇది.

ఉదాహరణగా వరంగల్‌ను తీసుకుంటున్నాను. నిట్, కిట్స్, కాకతీయ విశ్వవిద్యాలయం ఊళ్ళోనే ఉన్నాయి. 2020 జనవరిలో మడికొండలో సైయెంట్, టెక్ మహీంద్రా కార్యాలయాలు తెరిచాక సాఫ్ట్‌వేర్ పని చేసేవాళ్ళూ కొందరు ఇక్కడే ఉంటున్నారు. సమస్య సంగతి ఎవరికీ వివరించక్కరలేదు. 2020 ఆగస్టులో కాలనీలు మునిగాయి. 2023 జులైలో మళ్ళీ మునిగాయి, ఆ వానకే పోతననగర్ వైపు భద్రకాళి చెరువు కట్ట తెగింది. 2025 అక్టోబరులో మొంథా తుపాను వచ్చింది. కాకినాడ వాళ్ళు ఇందులో నాలా అన్నచోట డ్రెయిన్ అని చదువుకోవచ్చు, పద్ధతి మారదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఇలాంటి బృందాలు ఎక్కువగా చచ్చిపోయేది యాప్‌తో మొదలుపెట్టడం వల్ల. కోడ్ రాసేవాళ్ళు ఇద్దరుంటే చాలు. నీళ్ళు ఎటు నుంచి వచ్చి ఎటు పోతాయో తెలిసినవాళ్ళు పదిమంది కావాలి. కింద చెప్పిన అడుగులన్నీ ఈ లెక్క మీదే నడుస్తాయి.

మొదటి అడుగు: ఒక్క సమస్య, ఒక్క ముక్క

గ్రేటర్ వరంగల్‌లో 66 డివిజన్లున్నాయి. మొత్తం నగరం జోలికి పోవద్దు. నయీంనగర్ నాలాలోనో బొందివాగు నాలాలోనో ఒకటి రెండు కిలోమీటర్ల ముక్క ఎంచుకోండి.

నీళ్ళతోనే మొదలుపెట్టమనడానికి కారణం ఉంది. ఇక్కడి చెరువులు గొలుసుకట్టువి. పై చెరువు నిండి మత్తడి దూకితే ఆ నీళ్ళు కింది చెరువుకు చేరాలి. వాటిని కలిపే కాలువలే చాలాచోట్ల ఇప్పుడు నాలాలయ్యాయి, ఇరుకయ్యాయి, పైన స్లాబులు పడ్డాయి. ఒకచోట కల్వర్టు మూసుకుపోతే మునిగేది ఇంకో కాలనీ. అందుకని ఏ ఒక్క కాలనీ సంఘమూ దీన్ని ఒంటరిగా తేల్చలేదు, నాలా పొడవునా ఉన్నవాళ్ళు కలవక తప్పదు. బృందం పుట్టడానికి ఇంతకంటే మంచి సాకు దొరకదు.

వేరే సమస్య ఎంచుకుంటే దానికి నాలుగు పరీక్షలు పెట్టండి. కంటికి కనిపిస్తుందా? మామూలు మనిషి కొలవగలడా? బాధ్యత ఫలానా ఆఫీసుదని చెప్పగలమా? ఏడాదిలోగా మార్పు కనిపించే వీలుందా? వీధిదీపాలు నాలుగూ పాసవుతాయి, రెండో పనికి బాగుంటాయి. ట్రాఫిక్ మూడో పరీక్షలో పోతుంది. గాలి కాలుష్యం మీద కుర్రాళ్ళకు ఆసక్తి ఎక్కువే కానీ, పొగ ఎవరిదో తేల్చేలోపు బృందం అలిసిపోతుంది.

ఎంచుకున్నాక లక్ష్యాన్ని ఒక్క వాక్యంలో రాసుకోండి. ‘ఫలానా వంతెన నుంచి ఫలానా కల్వర్టు దాకా ప్రతి కల్వర్టు కొలత, పూడిక లోతు వచ్చే ఫిబ్రవరిలోగా అందరికీ కనిపించే మ్యాపులో ఉండాలి.’ ఫిబ్రవరి ఎందుకో తర్వాత వస్తుంది.

రెండో అడుగు: ఎవరిని పిలవాలి

పోస్టర్ వేసి ‘టెక్నాలజీ అంటే ఆసక్తి ఉన్నవాళ్ళు రండి’ అంటే వచ్చేది ఇరవయ్యేళ్ళ అబ్బాయిలు. వాళ్ళు కావాలి, వాళ్ళొక్కరే అయితే పని కాదు. ఇంటింటికీ తిరిగే మెప్మా ఆర్‌పీలకు (పట్టణ మహిళా సంఘాలను చూసుకునే రిసోర్స్ పర్సన్లకు) ఏ గల్లీలో ఎవరింట్లోకి నీళ్ళొచ్చాయో నోటిమీద ఉంటుంది. పారిశుద్ధ్య జవాన్లకు ఏ కల్వర్టు కింద ఏం ఇరుక్కుంటుందో తెలుసు. ఇరిగేషన్‌లో రిటైరైన వర్క్ ఇన్‌స్పెక్టర్ ఒకరు దొరికితే పాత కాలువల దారి చెబుతారు. వీళ్ళతోపాటు నాలా పక్క కిరాణా కొట్టాయన, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్, కాలనీ సంఘం కార్యదర్శి, సర్కారు బడి టీచరమ్మ. తేటగా తెలుగు రాయగల మనిషి ఒకరు తప్పనిసరి. ఇంగ్లిషు నివేదికను డివిజన్‌లో ఎవరూ చదవరు.

వీళ్ళను వాట్సాప్ లింకుతో పిలిస్తే రారు. వెళ్ళి కలవాలి, అక్కా అన్నా అని పలకరించి పని చెప్పాలి. పారిశుద్ధ్య సిబ్బంది తెల్లవారకముందే పనిలోకి దిగుతారు కాబట్టి సాయంత్రం ఏడింటి మీటింగ్ వాళ్ళకు పడదు. రోజు కూలి మీద బతికేవాళ్ళ సమయం తీసుకుంటే ఆటో ఖర్చూ కొంత పైకమూ ఇవ్వండి. జీతగాళ్ళు ఆదివారం ఊరికే వచ్చి పనిచేస్తే అది సేవ. కూలి పోగొట్టుకుని వచ్చినవాళ్ళను ఏమీ ఇవ్వకుండా పంపితే దాన్ని సేవ అనకూడదు.

విద్యార్థుల విషయంలో ఒక లెక్క గుర్తుంచుకోండి. నాలుగేళ్ళకు వెళ్ళిపోతారు, చివరి ఏడాది ఉద్యోగాల వేటలో ఉంటారు, పరీక్షలప్పుడు ఫోనెత్తరు. ఆరు వారాల్లో తెగే పనులే వాళ్ళకివ్వండి. కాలేజీల్లో ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) వాలంటీర్లు రెండేళ్ళలో 240 గంటల సేవ చూపాలి. కాలేజీ ప్రోగ్రాం ఆఫీసరుతో మాట్లాడి నాలా సర్వే గంటలను అందులో చేర్పించగలిగితే ఏటా కొత్త బ్యాచ్ దానంతటదే వస్తుంది.

మూడో అడుగు: మొదటి సమావేశం

సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పెట్టొద్దు, గేటు దగ్గర ఐడీ కార్డు అడిగేసరికి సగం మంది వెనక్కి పోతారు. గ్రంథాలయం, బడి గది, కమ్యూనిటీ హాలు మంచివి. ఆదివారం పగటిపూట, గంటన్నర. బతుకమ్మ–దసరా రోజులూ, రెండేళ్ళకోసారి వచ్చే మేడారం జాతర వారమూ వదిలేయండి.

ప్రజెంటేషన్ వద్దు. ఎంచుకున్న నాలా ముక్క మ్యాపును పెద్ద సైజులో అచ్చు వేయించి బల్ల మీద పరచండి. స్కెచ్ పెన్నులివ్వండి. మోకాలి లోతు నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయి, ఎటు నుంచి వచ్చాయి, ఎన్ని గంటలు నిలిచాయి అని అడగండి. కాసేపట్లో బల్ల చుట్టూ వాదన మొదలవుతుంది. ‘కాదు, ముందు వెనకగల్లీ నిండింది’ అని ఎవరో దిద్దుతారు. అదే మీ మొదటి డేటా. ఆ కాగితాన్ని ఫొటో తీసి దాచండి, తేదీ వేయండి.

లేచి వెళ్ళేముందు వచ్చే సమావేశం తేదీ చెప్పేయాలి. ‘గ్రూపులో చెప్తాం’ అన్నారంటే రెండో సమావేశం లేనట్టే. వాట్సాప్‌లో రెండు గుంపులు పెట్టండి, ఒకటి ప్రకటనలకు, ఇంకోటి పనికి. గుడ్ మార్నింగ్ బొమ్మలకూ పార్టీ వీడియోలకూ రెంటిలోనూ చోటు లేదని మొదటి రోజే రాసి పెట్టండి.

నాలుగో అడుగు: మ్యాపు

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ వాడండి. 2004లో ఇంగ్లండ్‌లో మొదలైంది, ఖాతా తెరిచి ఎవరైనా దిద్దవచ్చు, డేటాను ఎవరైనా దింపుకోవచ్చు. మీరు పెట్టిన సమాచారం రేపు మీ బృందం మూతపడినా మిగిలి ఉంటుంది. ఏ కంపెనీ మ్యాపులోనో పిన్నులు గుచ్చితే ఆ భరోసా లేదు. 2015 చెన్నై వరదల్లో మునిగిన వీధులను జనమే గుర్తించిన మ్యాపు కూడా దీని పునాది మీదే నడిచింది.

పని రెండు భాగాలు. ఇంట్లో కూర్చుని చేసేది ఒకటి: అనుమతి ఉన్న శాటిలైట్ చిత్రాలు ఎడిటర్‌లోనే వస్తాయి, వాటిమీద నాలా గీత గీయడం. గీత ఎప్పుడూ నీరు పారే దిశలోనే గీయాలి, ఆ మ్యాపులో దిశకు అర్థం ఉంది. తెలుగు పేరుకు విడి గడి ఉంటుంది, అది నింపకుండా వదలొద్దు. గూగుల్ మ్యాప్స్ చూసి పేర్లు, గీతలు ఎక్కించకూడదు, లైసెన్సు ఒప్పుకోదు. కొత్తవాళ్ళు తెలియక చేసే మొదటి పని అదే కాబట్టి మొదటి రోజే చెప్పండి.

రెండోది నడక. ముగ్గురేసి చొప్పున, పగలు, వాన లేని రోజు. ఒకరు కొలవాలి, ఒకరు ఫోన్‌లో ఎక్కించాలి, మూడోవాళ్ళు బండ్లను చూసుకోవాలి. స్ట్రీట్‌కంప్లీట్, ఎవ్రీ డోర్ లాంటి యాప్‌లు నేరుగా మ్యాపులోకి ఎక్కిస్తాయి. కల్వర్టు వివరాలకు ఓడీకే, కోబో లాంటి సర్వే యాప్‌లలో తెలుగులో ఫారం తయారుచేసుకోండి, ఇంటర్నెట్ లేకపోయినా నిండుతుంది. ఫారంలో కల్వర్టు నంబరు, ఫొటో, వెడల్పు, ఎత్తు, పూడిక లోతు, అడ్డంగా పోయే నీళ్ళ పైపులు, కేబుళ్ళు, తేదీ ఉంటే చాలు. ఇరవై ప్రశ్నల ఫారం పెడితే నాలుగో కల్వర్టు దగ్గరే జనం విసిగిపోతారు. గల్లీల్లో ఫోన్ జీపీఎస్ పది మీటర్లు అటూ ఇటూ చూపడం మామూలే, అందుకే ఫొటోలో పక్కనున్న కొట్టు బోర్డో స్తంభమో పడేలా చూసుకోవాలి.

పూడిక కొలవడానికి నాలాలోకి ఎవరూ దిగకూడదు. మ్యాన్‌హోల్ మూత తెరవకూడదు. గుర్తులు గీసిన వెదురు కర్రను పైనుంచి దింపితే సరిపోతుంది.

ఎక్కడ ఏది దాచాలన్నది చాలామంది పట్టించుకోరు. కల్వర్టు, దాని వెడల్పు మారవు, అవి ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లోకి వెళ్ళాలి. పూడిక నెలనెలా మారుతుంది, అది అందులో పెట్టేది కాదు. దాన్ని విడిగా ఒక పట్టికలో ఉంచి, కల్వర్టు నంబరుతో ముడిపెట్టి, యూమ్యాప్, క్యూజీఐఎస్ లాంటి ఉచిత మ్యాపు సాఫ్ట్‌వేర్‌లో పొరగా చూపండి.

పూడిక ఎంత నష్టమో జనానికి చెప్పేటప్పుడు ఒక లెక్క పనికొస్తుంది. కల్వర్టు 3 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల ఎత్తు ఉంది, లోపల 80 సెంటీమీటర్ల మట్టి పేరుకుంది అనుకోండి. నీళ్ళు పోయే జాగా 6 చదరపు మీటర్ల నుంచి 3.6కి తగ్గింది, అంటే 60 శాతం మిగిలింది. కానీ పోయే నీరు 60 శాతం కాదు. లోతు తగ్గేకొద్దీ అడుగు, గోడల రాపిడి ప్రభావం పెరుగుతుంది. వాలు, గరుకుదనం మారలేదనుకుని కాలువలో నీరు ఎంత పోతుందో చెప్పే మానింగ్ సూత్రంతో లెక్కిస్తే దాదాపు సగానికి పడిపోతుంది. రిటైరైన ఇంజినీరు గారికి ఈ లెక్కలు అప్పజెప్పండి, ఇష్టంగా చేస్తారు.

ఒక హెచ్చరిక. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే 30 మీటర్ల ఎత్తుల డేటా తెచ్చి ‘వరద అంచనా మ్యాపు’ గీయాలని ఎవరో ఒకరు ఉత్సాహపడతారు. ఆ డేటాలో ఎత్తు కొన్ని మీటర్ల దాకా తప్పవచ్చు. నాలా వాలు చూస్తే కిలోమీటరుకు కొద్ది మీటర్లే. రంగులు బాగుంటాయి, నిజం ఉండదు.

ఐదో అడుగు: సెన్సర్ కంటే ముందు రంగు డబ్బా

నీటిమట్టం కొలిచే సెన్సర్ పెడదామని అందరికీ ఉంటుంది. పెడదాం, కానీ మొదటి వానాకాలం కాదు. ముందు ఇంజినీరింగ్ విభాగం అనుమతి తీసుకుని కల్వర్టు గోడ మీద 10 సెంటీమీటర్లకో పట్టీ చొప్పున గేజీ వేయించండి. నీళ్ళు రోడ్డెక్కే మట్టం దగ్గర ఎర్రగీత. ఎదురుగా ఉన్న కొట్టాయన వాన పడ్డప్పుడు గంటకోసారి తన గడప నుంచే ఫొటో తీసి పంపితే చాలు, వాననీళ్ళలో నడిచి రానక్కర్లేదు. ఫొటోలో సమయం ఉంటుంది, నీటిమట్టం ఉంటుంది. చెడిపోయేదేమీ లేదు.

ఈ అంకెల పక్కన వాన లెక్క పెట్టండి. తెలంగాణ డెవలప్‌మెంట్ ప్లానింగ్ సొసైటీ రాష్ట్రమంతటా నడిపే ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాల వర్షపాతం అందరికీ అందుబాటులో ఉంటుంది. నాలుగైదు పెద్ద వానల వివరాలు చేతికొచ్చేసరికి, ఎగువన వాన పడ్డాక ఎన్ని గంటలకు మీ కల్వర్టు దగ్గర నీళ్ళు ఎర్రగీత తాకుతున్నాయో తెలుస్తుంది. రెండు గంటల వ్యవధి ఉందని తేలితే ముసలివాళ్ళను పై అంతస్తుకు చేర్చుకోవచ్చు, బండ్లు ఎత్తుగడ్డకు పెట్టుకోవచ్చు, బియ్యం బస్తా అటక ఎక్కించుకోవచ్చు. ఇంత పని నగరంలో ఏ డాష్‌బోర్డు చేసినా నాకు సంతోషమే.

సెన్సర్ల కాలం వచ్చినప్పుడు: ఈఎస్‌పీ32 బోర్డు (సెన్సర్‌ను నడిపే చిన్న కంప్యూటర్), ధ్వని తిరిగొచ్చే సమయంతో దూరం కొలిచే, నీళ్ళకు తట్టుకునే అల్ట్రాసోనిక్ సెన్సర్ (జేఎస్‌ఎన్-ఎస్‌ఆర్04టీ రకం), చిన్న సోలార్ పలక. సమాచారం పంపడానికి లోరా (తక్కువ కరెంటుతో దూరం పంపే రేడియో) వాడితే మన దేశంలో 865–867 మెగాహెర్ట్జ్ పట్టీలో పరిమిత శక్తితో లైసెన్సు లేకుండా నడపవచ్చు. ఈ సెన్సర్ తనకు 20–25 సెంటీమీటర్లలోపు ఉన్నదాన్ని సరిగ్గా చూడలేదు, కాబట్టి ముంపు మట్టానికి అంతకంటే బాగా ఎత్తున బిగించాలి. ఇంకోటి మన ఎండ. ధ్వని వేగం వేడితో పెరుగుతుంది. 25 డిగ్రీలకు లెక్క కట్టిన సెన్సర్, 40 డిగ్రీల గాలిలో 3 మీటర్ల దూరాన్ని సుమారు 7–8 సెంటీమీటర్లు తక్కువ చూపుతుంది, అంటే నీళ్ళు అంతమేర పైకొచ్చాయని అబద్ధం చెబుతుంది. పక్కన ఉష్ణోగ్రత సెన్సర్ పెట్టి కోడ్‌లో సవరించాలి. సవరించాక కూడా గోడ మీది గేజీతో నెలకోసారి పోల్చి చూడాలి. రంగు డబ్బా అప్పుడూ పనికొస్తుంది.

సొంత యాప్ ఎప్పుడు? ఉన్నవాటితో పని జరగదని ఏడాది పనిచేశాక తేలితే. 2018 కేరళ వరదల్లో సహాయం కోరే వెబ్‌సైటును వాలంటీర్లు రాత్రికి రాత్రి కట్టగలిగారు, అది పనికొచ్చింది. ఎందుకంటే వెనకాల రాష్ట్ర ఐటీ మిషన్ ఉంది, వచ్చిన అభ్యర్థనలను అందుకునే యంత్రాంగం ఉంది. అటువైపు అందుకునేవాళ్ళు లేనప్పుడు యాప్‌లో ఫిర్యాదు నొక్కడం వృథా. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ నేర్పే మనుషులు కావాలంటే హైదరాబాద్‌లో ‘స్వేచ్ఛ’ సంస్థ ఉంది.

ఆరో అడుగు: సర్కారు కాగితాలు

తెలంగాణ ఓపెన్ డేటా విధానం 2016లో వచ్చింది, పోర్టల్ ఉంది. ముందు అందులో వెతకండి. దొరకనిది సమాచార హక్కు చట్టం కింద అడగండి. రుసుం 10 రూపాయలు, జవాబుకు 30 రోజులు. రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా 30 రోజుల్లోగా మొదటి అప్పీలు, ఆ తర్వాత 90 రోజుల్లోగా సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు.

‘నాలా ఎందుకు శుభ్రం చేయలేదు?’ అని రాస్తే జవాబు రాదు. చట్టం ఇచ్చేది రికార్డు, సంజాయిషీ కాదు. ‘ఫలానా నాలా పూడికతీతకు ఫలానా ఆర్థిక సంవత్సరంలో మంజూరైన ఎస్టిమేటు, వర్క్ ఆర్డరు, ఎం-బుక్ పేజీల నకళ్ళు’ అని రాయండి. ఎం-బుక్ అంటే చేసిన పని కొలతలు రాసే పుస్తకం, అందులో ఎక్కడి నుంచి ఎక్కడిదాకా, ఎంత లోతు తీశారో అంకెలుంటాయి. మీ వెదురు కర్ర కొలతలు దాని పక్కన పెట్టి చూడొచ్చు. పేజీలు ఎక్కువైతే రికార్డు తనిఖీకి వస్తామని రాయండి, వెళ్ళి చూసి కావలసిన పేజీల నకళ్ళే తీసుకోవచ్చు.

దరఖాస్తు బృందం పేరుతో కాదు, పౌరుడి పేరుతో వెళ్ళాలి. ప్రతిసారీ ఒకే మనిషి పెట్టకండి, ఆఫీసులో అతనికి ‘ఆర్‌టీఐ కేసు’ అనే పేరు పడిపోతుంది.

స్మార్ట్ సిటీ మిషన్ మార్గదర్శకాల్లో నగర స్థాయి సలహా ఫోరం ఒకటి ఉండాలని ఉంది. కలెక్టరు, ఎంపీ, ఎమ్మెల్యేలు, మేయర్లతోపాటు స్థానిక యువతకూ సాంకేతిక నిపుణులకూ కాలనీ సంఘాలకూ అందులో చోటు చూపారు. మీ నగరంలో అది ఎన్నిసార్లు కూర్చుందో మినిట్స్ అడిగి చూడండి, చదవడానికి ఆసక్తిగా ఉంటుంది.

ఏడో అడుగు: ఏది బయట పెట్టకూడదు

ఈ అడుగు చదవకుండా మ్యాపు మొదలుపెట్టొద్దు. నాలా పక్కన ఇళ్ళున్నాయి. కొన్ని గుడిసెలు, కొన్ని మూడంతస్తుల మేడలు, కొన్ని షాపింగ్ కాంప్లెక్సులు. మీరు బఫర్ గీత (నాలాకు ఇంత దూరందాకా ఏదీ కట్టకూడదనే హద్దు) గీసి అందులో పడ్డ ఇళ్ళన్నిటికీ ఎర్రరంగు వేస్తే, మరుసటి వరద తర్వాత ఆ మ్యాపు పట్టుకుని జేసీబీ ముందు ఎవరింటికి వెళ్తుంది? మేడకు కోర్టు స్టే ఉంటుంది, గుడిసెకు ఉండదు. బృందంలో ఆ గుడిసెల మనుషులు కూర్చుని ఉంటే ఈ ప్రశ్న వాళ్ళే వేస్తారు. లేకపోతే ఎవరూ వేయరు, రెండో అడుగులో అంత చెప్పింది అందుకే. ఆక్రమణల సంగతి మాట్లాడకూడదని కాదు. చెరువు పూర్తి నీటిమట్టం గీతలు, నోటిఫికేషన్లు ప్రభుత్వ పత్రాలు, వాటిమీద వాదించవచ్చు. మీ సర్వే మాత్రం నీళ్ళనూ కల్వర్టులనూ కొలవాలి, ఇళ్ళను కాదు.

ముంపు లోతును ఇంటి నంబరుతో చూపకండి, వీధి స్థాయిలో చూపండి. ఫొటోల్లో ముఖాలు, బండి నంబర్లు చెరిపేయండి. ఫోన్ నంబర్లు విడి జాబితాలో ఇద్దరి దగ్గరే ఉండాలి, వానాకాలం అయ్యాక అక్కర్లేనివి తీసేయాలి. 2023 డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం ప్రకారం సమ్మతి అడిగే నోటీసు ఎనిమిదో షెడ్యూలు భాషల్లో చదువుకునే వీలు ఉండాలి. తెలుగు అందులో ఉంది. రెండే వాక్యాల్లో, గట్టిగా చదివి వినిపించగలిగేలా రాయండి.

ఇంకో వైపు నుంచీ కోపం వస్తుంది. ‘మా గల్లీ మునుగుతుందని మ్యాపులో పెడితే ప్లాటు రేటు పడిపోతుంది’ అని కాలనీ పెద్దలు వస్తారు. వాళ్ళతో గొడవ వద్దు. కొలిచిన తేదీ, మట్టం, పూడిక తీసిన తర్వాతి మట్టం అన్నీ చూపిస్తామని చెప్పండి. తగ్గిన ముంపు కూడా మ్యాపులో కనిపిస్తుందంటే చాలామంది మెత్తబడతారు.

ఎనిమిదో అడుగు: కార్పొరేషన్ మెట్లెక్కడం

ముందు ఏది ఎవరిదో తెలుసుకోండి. నాలా పూడిక కార్పొరేషన్ ఇంజినీరింగ్ వాళ్ళది కావచ్చు, చెరువు ఇరిగేషన్‌ది, రోడ్డు కింది కల్వర్టు ఆర్ అండ్ బీదో జాతీయ రహదారులదో, లేఅవుట్ అనుమతి కుడాదో (కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ) కార్పొరేషన్‌దో. పైగా నగరం హనుమకొండ, వరంగల్ జిల్లాల్లో పరుచుకుని ఉంది, అంటే ఇద్దరు కలెక్టర్లు. మీ కల్వర్టుల పట్టికలో ‘ఎవరి పరిధి’ అని ఒక గడి చేర్చుకుంటే, ఫైలు ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు తిరగడం కొంతైనా తగ్గుతుంది.

నాలాల పూడికతీత వానలకు ముందు ఎండాకాలంలో జరిగే పని. ఎస్టిమేట్లు, టెండర్లు అంతకుముందే కదలాలి. మే నెలలో మీరిచ్చే జాబితా వచ్చే ఏటికే. ఫిబ్రవరిలోగా అన్నది అందుకు.

నలభై పేజీల నివేదిక ఎవరూ చదవరు. ఒక్క పేజీ చాలు. అన్నిటికంటే అధ్వానంగా ఉన్న ఐదు కల్వర్టులు, ఒక్కోదానికి ఫొటో, కొలత, తేదీ, పరిధి. ముందు ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) గారికి, డీఈ (డిప్యూటీ ఇంజినీరు) గారికి చేతికివ్వండి, వాళ్ళను తప్పించి నేరుగా కమిషనర్‌కు ఇస్తే పని చేయాల్సినవాళ్ళే ఎదురుతిరుగుతారు. తర్వాత ఇన్‌వర్డ్ సెక్షన్‌లో ఇచ్చి నంబరు వేయించుకోండి. ఆ నంబరు లేని కాగితం ఇవ్వనట్టే. కదలిక లేకపోతే సోమవారం అధికారులు అర్జీలు తీసుకునే ప్రజావాణికి అదే నంబరుతో వెళ్ళండి. సోషల్ మీడియా ఆఖరి మెట్టు. ఆంధ్రప్రదేశ్‌లోనైతే మొదటి మెట్టు వార్డు సచివాలయం. 2019 అక్టోబరు 2న అవి మొదలయ్యాక కనీసం కాగితం ఎక్కడివ్వాలన్న ప్రశ్న తప్పింది.

తెలంగాణ మున్సిపాలిటీల చట్టం, 2019 వార్డుకు నాలుగు కమిటీలు ఉండాలంటుంది: యువత, మహిళలు, వయోవృద్ధులు, ప్రముఖ పౌరులు, ఒక్కోదానిలో 15 మంది. మీ బృందంలోని నలుగురైదుగురు వాటిలో సభ్యులైతే మీ కొలతలు అధికారిక ఎజెండాలోకి వెళ్ళే దారి దొరుకుతుంది. కార్పొరేటర్‌తో స్నేహంగా ఉండండి, వేదిక మాత్రం పంచుకోకండి, ముఖ్యంగా ఎన్నికల ఏడాదిలో. ఒక పార్టీ జెండా పక్కన ఒక్క ఫొటో పడితే రెండో పార్టీ వాడల్లోకి మీ టేపు పోనివ్వరు.

పని జరిగితే అధికారుల పేరు చెప్పి మెచ్చుకోండి. పూడిక తీయకముందు, తీశాక ఫొటోలు పక్కపక్కన వేసి ఏఈ గారికి పంపితే, వచ్చే ఏడాది ఆయనే మీకు ఫోన్ చేసి కొలతలు అడుగుతారు.

తొమ్మిదో అడుగు: దూరాన ఉన్నవాళ్ళు, డబ్బు

డల్లాస్‌లోనో సిడ్నీలోనో ఉన్న వరంగల్ వాళ్ళు ‘మేమేం చేయగలం’ అని అడుగుతారు. శాటిలైట్ చిత్రాల మీద గీతలు గీయడం, ఫారం కోడ్ సరిచూడటం, కుర్రాళ్ళకు క్యూజీఐఎస్ నేర్పడం దూరం నుంచి బాగా జరుగుతాయి. మనకు ఆదివారం రాత్రి ఏడున్నర అంటే వేసవిలో డల్లాస్‌లో అదే ఆదివారం ఉదయం తొమ్మిది, ఇద్దరికీ కుదిరే వేళ. ఏ కల్వర్టు ముఖ్యమో తేల్చే పని మాత్రం ఊళ్ళో ఉన్నవాళ్ళదే.

డబ్బు పంపుతామంటే జాగ్రత్త. భారత పౌరసత్వం ఉన్న ఎన్నారై తన సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా ఇస్తే అది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్న మన చుట్టమే ఇస్తే, ఓసీఐ (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివాళ్ళకిచ్చే) కార్డు ఉన్నా, వస్తుంది. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) అనుమతి లేకుండా తీసుకోకూడదు. ఎవరు ఏ పాస్‌పోర్టో అడగడం మొహమాటమే అయినా అడగాలి.

మొదటి ఏడాది రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. టేపు, రంగు, అచ్చు మ్యాపులు, ఆటో ఖర్చులు పోగుచేసుకున్న చందాలతో నడుస్తాయి, లెక్క గుంపులో పెడితే చాలు. రెండో ఏడాదీ నిలబడితే, ఎక్కువ మొత్తం చేతులు మారాల్సి వస్తే 2001 సొసైటీల చట్టం కింద నమోదు చేయించుకోండి. కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. ఆ ఏడుగురిలో నడిచి కొలిచినవాళ్ళు సగానికి పైగా ఉండేలా చూసుకోండి, బోర్డు మీద పేరు కోసం వచ్చేవాళ్ళు అప్పుడే బయటపడతారు.

పదో అడుగు: రెండో వానాకాలం

మొదటి ఏడాది ఉత్సాహం నడిపిస్తుంది. రెండో ఏడాదికి ఇద్దరు ఉద్యోగాలకు వెళ్ళిపోతారు, ఒకరికి పెళ్ళవుతుంది, పాస్‌వర్డులు వాళ్ళ దగ్గరే ఉండిపోతాయి. ప్రతి పనికీ ఇద్దరు ఉండాలి, ఇద్దరిలో ఒకరు ఊళ్ళోనే స్థిరపడ్డవాళ్ళై ఉండాలి. ఖాతాలన్నీ బృందం ఈమెయిల్ మీద తెరవండి. ఫారం ఎలా నింపాలి, కర్ర ఎలా దింపాలి, దరఖాస్తు ఎలా రాయాలి అన్నవి తెలుగులో నాలుగు పేజీలు రాసి, కొత్తగా వచ్చినవాళ్ళతో చదివించి, అర్థం కానిచోట దిద్దండి.

డిసెంబరులో కల్వర్టుల దగ్గరికి మళ్ళీ నడవాలి, పాత నంబర్లే, పాత ఫారమే. జనవరిలో రెండేళ్ళ కొలతలు పక్కపక్కన పెట్టి కొత్త ఐదింటి జాబితా తేల్చండి. ఫిబ్రవరిలో ఇచ్చే కాగితం మీద పోయినేటి ఇన్‌వర్డ్ నంబరు పైన రాయండి, అప్పటి ఐదు కల్వర్టుల్లో ఎన్ని శుభ్రమయ్యాయో మొదటి వాక్యంలో చెప్పండి. మే నెలాఖరులో గేజీలకు మళ్ళీ రంగు వేయించి, ఫొటోలు పంపే కొట్టాయనల ఫోన్లు పనిచేస్తున్నాయో లేదో ఒకసారి చేసి చూడండి. పక్క డివిజన్ వాళ్ళు అప్పటికి వచ్చి అడుగుతుంటే ఆ నాలుగు పేజీలూ ఒక టేపూ ఇవ్వండి, మీ గుంపులో కలుపుకోవద్దు.